కృష్ణానది కడపటి అడవి

వానకాలమున జూరాల జలాశయము నిండి గేట్లు ఎత్తిన దినములలో, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారు ప్రాంతీయ వార్తలను చెవియొగ్గి విందురు. ఎగువనుండి ఇన్ని వేల క్యూసెక్కుల నీరు చేరుచున్నది, దిగువకు ఇన్ని వేలు వదలుచున్నారు అని వార్తలు చెప్పును. కొన్ని దినములకు శ్రీశైలము, ఆపై నాగార్జునసాగరము, చివరకు విజయవాడ కడనున్న ప్రకాశము బ్యారేజి గేట్లు కూడ ఎత్తిరని వినవచ్చును. అప్పుడు మనలో అనేకుల నోట వెలువడు మాట ఒకటి కలదు: "ఇంత నీరును వృథాగా సముద్రము పాలగుచున్నదే!"

పాలమూరు సీమవారి నోట ఈ మాట వచ్చుటలో ఆశ్చర్యము లేదు. నది ఇంటిముందు పారుచున్నను పొలమునకు నీరందక, తట్టయు పారయు పట్టుకొని దేశదేశముల ఆనకట్టలు కట్టుటకు పోయిన కూలీల సీమ ఇది. అట్టివారికి గుక్కెడు నీరు సముద్రమున కలిసినను ప్రాణము చివుక్కుమనును. అయినను, ఆ మాట పూర్తిగా నిజమా? సముద్రమును చేరునట్టి నీరు ఏ పనియు చేయకయే పోవుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము నదీముఖమునందలి మడ అడవులలో దొరకును. ఆ అడవులను గూర్చి తెలిసికొనుట తీరవాసులకు ఎంత అవసరమో, నదికి ఎగువనున్న మనకును అంత అవసరము.

కృష్ణ సహ్యాద్రిలో మహాబలేశ్వరము కడ పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. భీమానదిని కలుపుకొని తెలంగాణమున ప్రవేశించి, జూరాల, బీచుపల్లి దాటి, ఆలంపురము చేరువ తుంగభద్రను చేర్చుకొని, సోమశిల మీదుగా నల్లమల కొండల నడుమకు సాగునది మన మెరిగిన కృష్ణ. అటుపిమ్మటి కథ మనకు అంతగా తెలియదు. విజయవాడ దాటి పోయిన తరువాత పులిగడ్డ కడ నది రెండు పాయలగును. ఆ పాయల నడుమనున్న భూమియే దివిసీమ. ఒక పాయ హంసలదీవి కడ సముద్రమును చేరును. రెండవది నాగాయలంక ప్రక్కగా దక్షిణమునకు సాగి, మరల చీలి, పలు ముఖములతో సముద్రమున కలియును. సముద్రపు పోటు వచ్చినపుడు మునిగి, ఆటు వచ్చినపుడు బయటపడు బురదనేలలు ఈ ముఖముల నడుమ కలవు. ఆ బురదమీద పెరుగునవే మడ అడవులు.

కృష్ణాముఖమునందలి ఈ అడవులలో సుమారు 195 చదరపు కిలోమీటర్ల భాగమును 1989లో వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. గోదావరీముఖమున, కాకినాడ చేరువనున్న కోరింగ అడవి ఇంతకంటె పెద్దది. దానిని 1978లోనే సంరక్షణకేంద్రము చేసిరి. ఆంధ్రప్రదేశమున మొత్తముమీద నాలుగువందల చదరపు కిలోమీటర్లకు పైగా మడ అడవులు కలవు. భారతదేశమున ఇవి ఇంచుమించు ఐదువేల చదరపు కిలోమీటర్లు. వానిలో రెండువేలకు పైబడిన భాగము వంగదేశపు సుందరవనములదే. ప్రపంచమంతటను కలిపినను ఇవి లక్షా యాభైవేల చదరపు కిలోమీటర్లకు మించవు. భూగోళముమీద ముఖ్యముగా ఉష్ణప్రాంతపు తీరములయందు, అందును నదుల ముఖములయందు ఎక్కువగా, ఇవి పెరుగును. కనుక ఇది అరుదైన సంపద యని గ్రహింపవలెను.

మన నల్లమలయందలి టేకును గాని, మద్దిని గాని, వెదురును గాని తీసికొనిపోయి ఈ బురదలో నాటినచో కొలదిదినములలోనే చచ్చును. కారణములు రెండు. మొదటిది ఉప్పు. రెండవది ఊపిరి. చెట్టు వేళ్ళకు కూడ గాలి కావలెను. మన పొలములలో మట్టిరేణువుల నడుమ గాలి ఆడును; నిత్యము నీట నానిన బురదలో గాలి యుండదు. ఈ రెండు కష్టములను గెలుచు ఉపాయములను మడజాతి చెట్లు నేర్చినవి. మడచెట్టు వేళ్ళు బురదలో అడ్డముగా ప్రాకి, వానినుండి వేలెడేసి పిలకలను నిట్టనిలువుగా పైకి పంపును. ఆటు సమయమున చూచినచో చెట్టుచుట్టును వందలకొలది మేకులు దిగగొట్టినట్లు కనబడును. అవి ఊపిరివేళ్ళు. నీరు తీసినపుడు అవి గాలి పీల్చి, బురదలోని వేళ్ళకు అందించును. పొన్నచెట్టు మరియొక ఉపాయము పన్నినది. దాని కాండమునుండి వేళ్ళు వంపులు తిరిగి, పందిరి గుంజలవలె అన్నివైపుల బురదలో దిగును. చెట్టును నిలబెట్టునవి, ఊపిరి నిచ్చునవి ఆ గుంజలే.

ఉప్పు సంగతియు ఇట్టిదే. పొన్న తన వేళ్ళకడనే ఉప్పును చాలవరకు వడగట్టివేయును. మడ ఉప్పునీటిని కొంత త్రాగి, ఎక్కువైన ఉప్పును ఆకులద్వారా వెలిగ్రక్కును. ఎండవేళ ఆకుమీద తెల్లని ఉప్పుపలుకులు చేతికి తగులును. ఇక విత్తనముల విషయము మరింత విచిత్రము. బురదలో రాలిన గింజను అలలు కొట్టుకొనిపోవును గదా! అందువలన పొన్నగింజ చెట్టుననే మొలకెత్తి, మునగకాయవలె పొడవుగా పెరిగి, ఆ తరువాత రాలును. రాలినది బురదలో నిలువుగా గ్రుచ్చుకొన్నచో అచ్చటనే వేరూనును. నీటిలో పడినచో తేలిపోయి, వేరొకచోట ఒడ్డు పట్టును. బిడ్డను కొంత పెంచి లోకములోనికి పంపు తల్లివంటిది ఈ చెట్టు.

నల్లమడ, తెల్లమడ, పొన్న, తిల్ల, కళింగ మొదలగునవి మన తీరమున కానవచ్చు జాతులు. తిల్లచెట్టు పాలు కంటబడినచో కన్నులకు హాని కలుగునని తీరవాసులు దానికి ఎడముగా మసలుదురు. ఈ అడవులలో బావురుపిల్లి కలదు. పిల్లిజాతిలో పుట్టియు నీటికి వెరవక, చేపలను వేటాడి బ్రతుకు జంతువు ఇది. వేలకొలది నీటిపక్షులు ఇక్కడ విడియును.

ఇక ఈ అడవివలన మనుష్యునకు కలుగు లాభమెట్టిది? బురదలో రాలిన ఆకు అక్కడనే క్రుళ్ళును. దానిని కంటికి కానరాని జీవులు తినును. వానిని చిన్నరొయ్యలు, పీతలు తినును. వానిని చేపలు తినును. సముద్రమున గ్రుడ్లు పెట్టు రొయ్యలయు, పెక్కు చేపలయు పిల్లలు ఆహారముకొరకును, పెద్దచేపల నోటబడక దాగుకొనుటకును ఈ వేళ్ళ సందులలోనికి వచ్చి పెరిగి, తిరిగి సముద్రమునకు పోవును. పెద్దరొయ్య, మండపీత, పండుగప్ప మొదలగునవి బాల్యమును ఈ నీళ్ళలో గడపునవే. కనుక నడిసముద్రమున పడవవాడు వల వేసి తీయు చేపకు సైతము ఊయెల ఈ అడవియే. ఎండురొయ్యల రూపమున ఆ సంపదలో కొంత మన సంతలకును చేరును. కృష్ణాముఖమున యానాదులు తరతరములుగా ఈ కాలువలలో, వలయే లేకుండ చేతులతో తడివి చేపలు, పీతలు పట్టి జీవించుచున్నారు. వారికి పొలము లేదు. ఈ అడవియే పొలము.

రెండవ లాభము ప్రాణరక్షణ. కృష్ణాతీరము తుఫానులకు ఆటపట్టు. 1864 నవంబరులో మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకొనిపడిన ఉప్పెన ఐదు మీటర్లకు మించిన ఎత్తున లేచి, పదివేలమందికి పైగా బలిగొన్నది. పశువులకు లెక్కయే లేదు. ఆనాటి దుఃఖము తెలుగుదేశమంతటను వ్యాపించినది.

అట్టి ఉప్పెనను అడవి ఆపగలదా? పూర్తిగా ఆపలేదు. అయితే వేరులును కొమ్మలును చిక్కగా అల్లుకొన్న అడవిలో నీటి వేగము తగ్గును, అల విరుగును, కొట్టుకొనివచ్చు దుంగలు చిక్కుకొనును. దీనికి లెక్కలతో కూడిన నిదర్శనము ఒకటి కలదు. 1999 అక్టోబరులో ఒడిశాను ధ్వంసము చేసిన మహాతుఫాను పిమ్మట, కేంద్రపడా జిల్లాలోని వందలకొలది గ్రామములను పరిశోధకులు పోల్చిచూచిరి. తమకును సముద్రమునకును నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామములలో మరణములు తక్కువగా నున్నవని తేలినది. 2009లో ఆ పరిశోధన ప్రకటితమైనది. అడవి కాచిన ప్రాణములకంటె ప్రభుత్వపు ముందస్తు హెచ్చరిక కాచిన ప్రాణములే ఎక్కువ యనియు అదే పరిశోధన చెప్పినది. తుఫాను హెచ్చరిక ఎట్టి అమూల్యమైనదో రేడియో వినువారికి వేరుగా చెప్పనక్కరలేదు. హెచ్చరికయు కావలెను, అడవియు కావలెను. హెచ్చరిక విని మనుష్యుడు పారిపోగలడు. ఇల్లును, పొలమును ఎత్తుకొని పోలేడు గదా!

మూడవది, ఇటీవలి కాలమున శాస్త్రజ్ఞులు మిక్కిలిగా చెప్పుచున్న లాభము. గాలిలోని బొగ్గుపులుసు వాయువును చెట్లు పీల్చి, కర్బనమును తమ దేహములలో దాచునని మనకు తెలియును. మామూలు అడవిలో రాలిన ఆకు, విరిగిన కొమ్మ క్రుళ్ళి, ఆ కర్బనము చాలభాగము తిరిగి గాలిలో కలియును. మడ అడవి బురదలో గాలి ఆడదు కనుక క్రుళ్ళుట మందము. కర్బనము శతాబ్దములపాటు అట్లే పూడియుండును. అడవిని నరికి, బురదను త్రవ్వినచో అది మరల బయటపడును. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున ఇది చిన్న సంగతి కాదు.

ఇంత మేలుచేయు అడవికి ముప్పు ఎచ్చటినుండి వచ్చినది? మొదటి ముప్పు గొడ్డలి. వంటచెరకునకు, ఇంటి గుంజలకు, పడవ పనిముట్లకు తీరవాసులు చిరకాలముగా ఈ చెట్లను కొట్టుచుండిరి. జనము కొద్దిగా నున్నంతవరకు అడవి కోలుకొన్నది. జనము పెరిగినకొలది కోలుకొనుటకు వ్యవధి చాలకపోయినది.

రెండవ ముప్పు రొయ్యల చెరువు. 1980ల చివర విదేశములలో రొయ్యకు గిరాకి పెరిగినది. తీరమంతటను చెరువులు త్రవ్వుట మొదలైనది. వరిచేలు కొన్ని, మడనేలలు కొన్ని చెరువులైనవి. మొదటి రెండుమూడు పంటలలో రూపాయలు రాలినవి. కాని 1994 మొదలుకొని తెల్లమచ్చల తెగులు సోకి, ఒక్కుమ్మడిగా రొయ్యలు చచ్చి, అనేకులు అప్పులపాలైరి. చెరువులు పాడువడినవి, అడవి మాత్రము తిరిగి రాలేదు. గట్టు పోసిన నేలలోనికి పోటునీరు రాదు. పోటునీరు లేనిదే మడ మొలవదు. 1991లో కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ఉత్తరువును వెలువరించినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులపై కఠినమైన ఆంక్షలు విధించుచు తీర్పు చెప్పినది. ఇందులో ఒక ఎగతాళి దాగియున్నది. రొయ్యకు ప్రకృతి కట్టి యిచ్చిన ఊయెలను పడగొట్టి, ఆ స్థలముననే రొయ్యలను పెంచబూనుట!

మూడవ ముప్పు మనకు సంబంధించినది. అది చప్పుడు లేనిది కనుక తొందరగా కంటబడదు. మడ అడవి ఉప్పును ఓర్చుకొనునే గాని ఉప్పును మాత్రమే తిని బ్రతుకదు. నదినుండి మంచినీరు వచ్చి ఉప్పును పలుచన చేయుచుండవలెను. నది తెచ్చిన ఒండ్రు ఏటేట పేరుకొని నేలను నిలుపుచుండవలెను. మంచినీరు తగ్గినచో ఉప్పుకు మిక్కిలి ఓర్చు ఒకటిరెండు జాతులు గిడసబారి మిగులును. తక్కినవి క్రమముగా తొలగిపోవును. ఒండ్రు తగ్గినచో సముద్రము నేలను కోసికొనిపోవును.

ఒండ్రు విలువ పాలమూరు రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. వేసవిలో చెరువు ఎండినపుడు పూడికమట్టిని బండ్లకొలది తోలి చేనికి వేయుట మన తాతలనాటి ఆచారము. ఆ మట్టి మన చేనికి ఎట్టిదో, కృష్ణ తెచ్చు ఒండ్రు మడనేలకు అట్టిది. ఆ ఒండ్రు ఇప్పుడు ఎచ్చట నిలిచిపోవుచున్నది? జలాశయముల అడుగున. కట్టిననాడు శ్రీశైలము జలాశయమునకు 308 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్క వేసిరి. తరువాతి కొలతలలో అది సుమారు 216 టి.ఎం.సి.లకు దిగినది. నాగార్జునసాగరము 408నుండి 312కు తగ్గినది. ఆ తగ్గిన మేరయంతయు పూడికయే ఆక్రమించినది. ఇక దిగువ మాట. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావుగారును, వారి సహచరులును 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, 1966–69 సంవత్సరములలో కృష్ణ ఏటికి 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు చేర్చుచుండగా, 2000–05 నాటికి అది నాలుగు లక్షల టన్నులకు పడిపోయినది. ఇరువది పాళ్ళలో ఒక పాలైనను మిగులలేదన్నమాట. అంతకుముందు సముద్రములోనికి పెరుగుచుండిన కృష్ణాడెల్టా అంచు, ఈ కాలమున పెక్కుచోట్ల వెనుకకు తగ్గుచున్నదని వారు చూపిరి.

ఈ అంకెలను విని ఆనకట్టలు కట్టుటయే తప్పని ఎవరును అనుకొనరాదు. వాని నీటితో లక్షల ఎకరములు పండుచున్నవి. నగరములు దాహము తీర్చుకొనుచున్నవి. కల్వకుర్తి ఎత్తిపోతల పథకము కొల్లాపురము చేరువ శ్రీశైలపు వెనుకజలములనుండియే నీరు తోడి నాగర్‌కర్నూలు పొలములకు ఇచ్చుచున్నది. ఆ జలాశయముకొరకు ఈ సీమవారు ఊళ్ళను, ఇండ్లను, నదీతీరపు సారవంతమైన భూములను కోల్పోయిరి; కూడలి సంగమేశ్వరుని ఆలయము సైతము రాయిరాయిగా విప్పబడి ఆలంపురమునకు తరలినది. ఇంత త్యాగము చేసినవారికి నీటిపై హక్కు లేదని చెప్పుట న్యాయము కాదు. చెప్పవలసినది వేరు. పూడికవలన మన జలాశయములో మన నీటికి చోటు తగ్గుచున్నది. అదే పూడిక అందక దివిసీమ అంచు కరగుచున్నది. ఎగువవాని నష్టమును, దిగువవాని నష్టమును రెండు కావు. ఒక్క మట్టి తప్పుచోట నిలుచుటవలన కలిగిన ఒక్క నష్టమే.

కనుక నివారణ సైతము ఎగువనే మొదలు కావలెను. కొండవాలులలో అడవిని కాపాడి, చేలకు గట్లు వేసి మట్టి కోతను ఆపినచో జలాశయపు ఆయువు పెరుగును. వరదకాలమున మొదటి బురదనీరు జలాశయములో పేరుకొనక ముందే అడుగు తూములద్వారా దిగువకు సాగునట్లు చేయు పద్ధతులు లోకమున ఇతర దేశములలో వాడుకలో ఉన్నవి. అవి ఇచ్చట ఎంతవరకు సాధ్యమో ఇంజనీర్లు పరిశీలింపవలెను. నీటి పంపకపు లెక్కలలో రాష్ట్రముల వాటాలతోపాటు, నదికి నదిగా బ్రతుకుటకు, సముద్రము చేరుటకు కావలసిన వాటాయు ఉండవలెను. మన చేలలో చల్లిన పురుగుమందు, మన ఊరి కాలువలో పడిన చెత్త చివరకు ఆ రొయ్యపిల్లల ఊయెలకే చేరునని మరువరాదు.

తీరమున జరుగుచున్న మంచిపనియు కొంత కలదు. 1990ల చివరనుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, గ్రామస్థులును కలిసి గోదావరీ, కృష్ణాముఖములలో పాడువడిన మడనేలలను తిరిగి మొలిపించు ప్రయత్నము చేసిరి. వారి ఉపాయము సులభమైనది. నరికివేతవలన నేల మధ్యలో పల్లమై, నీరు నిలిచి, ఎండకు ఉప్పు గడ్డకట్టుచుండెను. చేపముల్లు ఆకారమున ఒక పెద్దకాలువను, దానికి ఇరుప్రక్కల పిల్లకాలువలను త్రవ్వి, పోటునీరు వచ్చి పోవునట్లు చేసిరి. ఉప్పు కడుగుకొనిపోయినది, కాలువ గట్లవెంట మొక్కలు లేచినవి. నీటికి దారి ఇచ్చినచో అడవి తనంతట తాను తిరిగి వచ్చునని ఆ చేపముల్లు కాలువలు నేర్పినవి. 2023లో కేంద్రప్రభుత్వము మడ అడవుల పెంపకమునకు దేశవ్యాప్తముగా ఒక పథకమును ఆరంభించినది. నాటుట మంచిదే, కాని పోటునీరును, నదినీరును, ఒండ్రును అందనిచోట ఎన్ని మొక్కలు నాటినను అవి నిలువవు.

2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన మహావరదను ఆలంపురము, గద్వాల ప్రాంతములవారు ఎన్నటికిని మరువలేరు. అట్టి వరద ఊళ్ళకు కీడే. కాని ఏటేట వచ్చు మామూలు వరద, మన గేట్లు దాటి, బురదరంగు ధరించి సముద్రమువైపు సాగుచున్నపుడు, అది చేయవలసిన పని ఇంకను కొంత మిగిలియున్నదని తెలిసికొందుము గాక. దివిసీమ చివర ఒక మడపిలక ఊపిరి పీల్చుటకు, ఒక యానాది పీతను పట్టుకొనుటకు, ఒక గ్రామము తుఫానురాత్రి తెల్లవారువరకు నిలుచుటకు ఆ నీరు అవసరము. నీటికొరకు ఇంతకాలము ఎదురుచూచిన సీమకంటె నీటి విలువను బాగుగా ఎరిగినవారెవరు? దిగువవారి పక్షమున ఆ మాట చెప్పుటకు మనకంటె తగినవారును లేరు.